నేపాల్ నూడుల్స్, పుంగనూరు

2025 సెప్టెంబర్ 5, శుక్రవారం

ఈ డైరీ నేపాలీలోనే రాయాలని నిన్న ప్రతిజ్ఞ చేశాను. పొద్దున లేచి మూడు వాక్యాలు రాశాను కూడా. నాలుగో వాక్యంలో 'స్వాతంత్ర్యం' దగ్గర ఏ అక్షరం కింద ఏది తగిలించాలో తెలియక పేజీ చింపేశాను. తెలుగు మీడియంలో చదివి, హిందీ పరీక్ష ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కినదానికి ఇంతకంటే ఏం వస్తుంది? నేపాలీకీ హిందీ అక్షరాలే. రేపటి నుంచి నేపాలీలో. ఈ ఒక్క రోజుకు తెలుగు.

కోపం ఆగడం లేదు. మా దేశం నేపాల్‌లో ఫేస్‌బుక్, వాట్సాప్ అన్నీ మూసేశారు. శుక్రవారం శుక్రవారం అక్కడ ఊర్లో ఉండే మా అవ్వ పక్కింటివాళ్ళ ఫోన్లో కనబడేది. ఆమెకు ఫోన్ పట్టుకోవడం రాదు. మాట్లాడినంతసేపూ మాకు ఒక చెవీ, సగం ముక్కుపుడకా కనబడతాయి. ఈరోజు అవీ లేవు. సిగ్నల్ దోషమేమోనని అమ్మ ఫోన్‌ని కిటికీ వైపు తిప్పింది, తర్వాత దేవుడి పటం వైపు తిప్పింది.

"బా, ఇది జనం గొంతు నొక్కడం!" అన్నాను. నాన్నను మేం బా అంటాం.

"ఆ క్యాబేజీ కోసి మాట్లాడమ్మా" అన్నాడు.

ఈయన పేరు పదం బహదూర్ బొహరా. నేను పుట్టకముందే నేపాల్‌లోని అఛాం కొండలు దిగివచ్చి పుంగనూరు బస్టాండు దగ్గర బండి పెట్టాడు. బండి మీద 'నేపాల్ నూడుల్స్' అని ఎర్ర బోర్డు. ఊరంతా ఆయన్ని నూడుల్సప్ప అంటుంది. ఒక దేశ పౌరుణ్ణి తిండి పేరుతో పిలవడం అవమానమని నేను మూడేళ్ళుగా పోరాడుతున్నాను. ఆయన పలుకుతూనే ఉన్నాడు.

తొమ్మిదో తరగతి నుంచీ ఇంట్లో నేను చెబుతున్నది ఒకటే మాట. మన దేశానికి మనం పోదాం. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ చెప్పాను. "పోదాంలే" అన్నాడు, ఉప్పు సరిపోయిందిలే అన్నట్టు.

సెప్టెంబర్ 8

అక్కడ రోడ్డెక్కిన పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పందొమ్మిది మంది. కొందరు కాలేజీ బట్టల్లోనే ఉన్నారు. అందరిదీ నా వయసే.

నాన్న బండి తీయలేదు.

సెప్టెంబర్ 9

ప్రధానమంత్రి దిగిపోయాడు! పార్లమెంటు తగలబడింది! వాట్సాప్ తిరిగొచ్చింది! ఇదంతా జరుగుతుంటే నేను మదనపల్లెలో కామర్స్ క్లాసులో కూర్చుని ఒక బీరువాకు తరుగుదల లెక్క కడుతున్నాను. చరిత్ర నన్ను క్షమించదు.

అవ్వ కనబడింది. చెవి, సగం ముక్కుపుడక, రెండూ క్షేమం. మా కొండకు గలాటా రాలేదు, వానే వచ్చింది అంది. ఉన్న రెండు పళ్ళూ ఊడిపోయాయట, నూకల జావ తాగుతోందట. అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, ఉద్యమంలో ఉన్నవాళ్ళు ఏడవకూడదు.

మా పక్కనే బోండాల బండి పెట్టుకున్న దాసప్ప సాయంత్రం అడిగాడు: "ఏం తేజమ్మా, మీ ఊర్లో గలాటా అంట?"

"ఊరు కాదన్నా, దేశం."

"అదేలే. సదుం దాటినాక వస్తాదా?"

తెలిసే అడుగుతాడు. నాకు కోపం వస్తే చూడడం ఆయనకు పొద్దుగూకే వేళ టీ తాగడం లాంటిది. చట్నీ గిన్నె విసిరేద్దామనుకున్నాను. నిండుగా ఉంది కాబట్టి ఆగాను.

సెప్టెంబర్ 10

మంచం కింద నా కరపత్రాల పెట్టె ఉంది. రైతు సంఘం, బ్యాంకు ఉద్యోగుల సంఘం, మూఢనమ్మకాల మీద పోరాటం, ఎల్‌ఐసీని కాపాడండి, ఏదీ వదల్లేదు. బస్టాండులో ఎవరు ఏ కాగితం ఇచ్చినా ముందు చెయ్యి చాపేది నేనే. నా అసలు చదువు అదే, బీకాం పక్కన చదువుతున్నది.

నేపాల్ యువతకు మద్దతుగా నేనూ కరపత్రం పంచాలని తీర్మానించాను. కాగితాలు? పెట్టె అడుగున ఒక కట్ట దొరికింది. వెనకవైపు అంతా తెల్లగా ఖాళీ. వాటి మీద స్కెచ్ పెన్నుతో రాశాను: 'మౌనంగా భరించకండి! లేచి నిలబడండి!' మదనపల్లె బస్టాండులో నేనూ నా స్నేహితురాలు అశ్వినీ పంచాం. జనం ఎగబడి తీసుకున్నారు. ఒకావిడ నాలుగు అడిగింది. ప్రజలు మేలుకుంటున్నారని మిగతా కట్ట కూడా విప్పాను.

అప్పుడొక పెద్దాయన కాగితం పట్టుకుని వెనక్కి వచ్చాడు. "ఈ డాక్టరు యాడుండాడు పాపా? కోత లేకుండానే అంట గదా?"

తిప్పి చూశాను. మొలల వైద్యశాల కరపత్రం. 'కూర్చోలేకపోతున్నారా? సిగ్గుపడకండి, రండి!'

"నీది దానికి సరిగ్గా సరిపోయిందే. కూసోలేనోడు లేచి నిలబడక ఏం జేస్తాడు?" అని అశ్విని ప్లాట్‌ఫారం మీదే కూలబడి నవ్వింది. దాంతో మాట్లాడను.

సెప్టెంబర్ 11

అశ్వినితో మాట్లాడాను. దాని ఫోన్లో నెట్ ఎక్కువ ఉంది.

డిస్కార్డ్ అనే యాప్‌లో మా దేశం వాళ్ళు లక్షమందికి పైగా చేరి కొత్త ప్రధానిగా ఎవరుండాలో ఓట్లు వేసుకుంటున్నారు. ప్రపంచంలో ఎక్కడైనా ఉందా ఇట్లాంటిది? నేనూ దూరాను. చెయ్యెత్తాను. నాకొక నిమిషం ఇచ్చారు.

మా ఇంట్లో మాట్లాడేది కొండ యాస. దాంట్లో సగం పుంగనూరు కలిసిపోయిన సంగతి నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. కంగారులో ఉపన్యాస పోటీల తెలుగు నోటికొచ్చేసింది. "సోదర సోదరీమణులారా!" అవతల ఎవరో ఏ జిల్లా అని అడిగారు. చిత్తూరు అన్నాను. నేను మనిషినే కాదు, బయటివాళ్ళు వదిలిన బాట్ అనే యంత్రమని తేల్చి గెంటేశారు. మళ్ళీ దూరేసరికి ఓట్లు అయిపోయాయి.

యంత్రమంట! యంత్రానికి ఇంత కోపం వస్తుందా?

రేపటి నుంచి నేపాలీలో.

సెప్టెంబర్ 13

రిటైరైన ప్రధాన న్యాయమూర్తి నిన్న ప్రధాని అయింది. ఆడమనిషి. నేను కూడా ఆమెకే వేసేదాన్ని.

సాయంత్రం బండి దగ్గర నలుగురైదుగురు తింటున్నారు. నాన్న కడాయి తిప్పుతూ తిప్పుతూ ఆగి నావైపు చూశాడు. "ఫోన్లో ఓట్లంట గదమ్మా. నువ్వు వేసినావా?"

ఆయన అంత ఆశగా నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. "వేశాను బా" అన్నాను. ఉద్దేశంలో వేసినట్టే కదా. సాంకేతిక కారణాల వల్ల చేరలేదు, అంతే.

అంతే, ఆయన గరిటె పైకెత్తి బస్టాండు మొత్తానికి చెప్పాడు. "మా పాప ఓటేసి పెట్టిన గవర్నమెంటప్పా అది!" తింటున్నవాళ్ళకు గోబీ ముక్కలు రెండేసి ఎక్కువ పడ్డాయి. దాసప్ప నాకు చేతులెత్తి దండం పెట్టాడు. "ఓయమ్మ, మా రోడ్డు గూడా ఏయించు తల్లీ!"

రాత్రి అన్నం దగ్గర నాన్నే మొదలుపెట్టాడు. "నువ్వన్నదే నిజమమ్మా. నీ మాదిరి పిల్లోల్లు నిలబెట్టిన దేశం, దానికి మనం పోకుంటే ఎట్ల? దసరాకు పోదాం. సూసి వచ్చేదానికి కాదు. ఉండిపోయేదానికే."

ఐదేళ్ళ పోరాటం ఫలించింది. ఇంత సులువుగా ఫలిస్తుందని నాకెవరూ చెప్పలేదు.

సెప్టెంబర్ 14

చాలా సంతోషంగా ఉంది.

చాలా.

సెప్టెంబర్ 15

బండి దాసప్పకు ఇస్తున్నారు. ఆయన చాన్నాళ్ళుగా అనేవాడే, బోండాల కాలం పోయింది, అందరికీ నూడుల్సే కావాలని.

మా బండ్లవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. బండి ఇచ్చేవాడు పుచ్చుకునేవాడికి చెయ్యి తిరిగేదాకా పని నేర్పాలి. చివరికి పుచ్చుకునేవాడు చేసిన ప్లేటు ఇచ్చేవాడు తిని 'సరే' అనాలి. ఆ మాట పడితేనే బండి చేతులు మారినట్టు. కుప్పంలో మా డంబర్ మామకు మోమోల బండి అట్లే వచ్చింది. ఇచ్చినాయన ఏడు ప్లేట్లు తిని గాని 'సరే' అనలేదంట. ఆకలితో ఉన్నాడేమో.

నాన్నకు ప్రయాణం పనులున్నాయి. అందుకని పొద్దున పూట దాసప్పకు నేర్పే బాధ్యత నాకు అప్పగించారు. వచ్చే సోమవారం మంచి రోజు, ఆ రోజు నాన్న రుచి చూస్తాడు.

డిగ్రీ రెండో సంవత్సరం మధ్యలో వదిలేయడం విప్లవంలో చాలా చిన్న విషయం. వచ్చే నెల జిల్లా ఉపన్యాస పోటీ కూడా చిన్న విషయమే. అశ్విని ఇంకా చిన్నది, నాకంటే నాలుగు అంగుళాలు.

సెప్టెంబర్ 16

దాసప్పకు మొదటి పాఠం చెప్పాను. నూడుల్స్‌ను అన్నం మాదిరి బాగా ఉడకనివ్వాలని చెప్పాను.

ఎందుకు చెప్పానో ఇక్కడ రాసుకుంటాను. ఇది పరీక్ష. నిజంగా బండి నడిపే తెలివి ఉన్నవాడైతే తప్పును తానే పట్టుకోవాలి. నాయకత్వ లక్షణాల మీద ఒక కరపత్రంలో ఇట్లాంటిదే ఉంది.

"మీ నాయన రెండు పొంగులకే దించేస్తాడే?" అన్నాడు దాసప్ప.

"అది పాత పద్ధతన్నా."

"చన్నీళ్ళు గూడా పోస్తాడే?"

"పోస్తే జలుబు చేస్తుంది."

"నూడుల్సుకా?"

"తినేవాళ్ళకు."

నమ్మాడు. పాపం. పాపమేం కాదు, పరీక్ష.

సెప్టెంబర్ 17

ఈరోజు మంట సన్నగా పెట్టాలని చెప్పాను. కడాయిలోది ముద్దయిపోయింది. దాసప్ప దాన్ని గరిటెతో ఎత్తితే మొత్తం ఒకే ముక్కగా లేచింది. ఐక్యతకు ఇంతకంటే ఉదాహరణ ఉండదు. నాన్న దీన్ని తిని 'సరే' అనడం కల్ల. ప్రయాణం ఆగిపోతే అది నా తప్పు కాదు, దాసప్ప చేతకానితనం.

ఆగిపోవాలని నేను కోరుకుంటున్నట్టు కాదు.

సెప్టెంబర్ 19

ఘోరం జరిగింది.

దాసప్ప ఈరోజు చేసిన ముద్దను పారేయడానికి మనసొప్పక, తన బోండాల కోసం ఉల్లిపాయలతో నూరుకున్న ఎర్రగడ్డ కారం దాంట్లో కలిపాడు. రోజూ బోండా టీలో ముంచుకుని తినే ఈశ్వరప్ప తాత, రిటైరైన కండక్టరు, నోట్లో ఒక్క పన్ను లేనాయన, "ఏందిరా అది, ఇట్ల పెట్టు" అని చెయ్యి చాపాడు. తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికో, సంతోషానికో.

"ఇరవై ఏండ్లుగా ఈ బండి పక్కన వాసన పీల్చుకుంటా పోతాంటి. ఇయ్యాల తింటాండా!"

సాయంత్రానికి ఆయన ఇంకో ఆరుగురిని తెచ్చాడు. అందరికీ కలిపి ఒక పన్నైనా ఉందో లేదో.

సెప్టెంబర్ 20

వరసలో నిలబడ్డారు. పుంగనూరులో నూడుల్స్‌కు వరస! పిల్లలు, ఆడవాళ్ళు, కలికిరి బస్సు డ్రైవరు కూడా. బస్సు ఆపి తిన్నాడు. నేను దేశం కోసం మదనపల్లెలో నిలబడితే మొలల డాక్టరును అడిగిన జనం ఈ ముద్ద కోసం ఎండలో నిలబడ్డారు. ప్రజల మీద నాకు ఇక ఆశల్లేవు.

అమ్మ నా జడ వేస్తూ, "ఆడ చలి ఎక్కువ, నీకు స్వెట్టర్ లేదే" అంది. పుంగనూరు చలికి దుప్పటి చాలు కదా అన్నాను. ఈడ కాదే, ఆడ, అంది. ఆడ.

సెప్టెంబర్ 22, సోమవారం

ఇది రాయకూడదనుకున్నాను. ఐనా రాయాలి.

నాన్న స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తన బండి ముందు తినేవాళ్ళ వైపు నిలబడ్డాడు. ఆయన్ని ఆ వైపు నేనెప్పుడూ చూడలేదు. దాసప్ప ప్లేటు పెట్టాడు. ఈశ్వరప్ప తాత, ఆయన బృందం చుట్టూ మూగారు. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలబోయాడు. నమలడానికి ఏమీ లేదు.

నా కోపం ఎవరి పోలికో ఆ క్షణంలో ఊరందరికీ అర్థమైంది.

"ఇది నూడుల్సా దాసప్పా? ఉప్మాకు పెదనాయన! నా బోర్డు కింద దీన్ని అమ్ముతావా? ఎవుడు నేర్పినాడు నీకు?"

"మీ పాపే గదప్పా" అన్నాడు దాసప్ప. "అన్నం మాదిరి ఉడకనీమనె. చన్నీళ్ళు పోస్తే జలుబు సేస్తాదనె. సన్నమంట మీద సెయ్యమనె. కారం మాత్రం నాదే."

"ఊరుకోప్పా నూడుల్సప్పా" అన్నాడు తాత. "నువ్వు సేసేది పండ్లు ఉండేటోల్లకు. ఇది మాకు."

నాన్న వాళ్ళెవరినీ చూడలేదు. నన్నే చూశాడు. "యాలమ్మా?" అన్నాడు. ఎందుకని మా ఇంటి భాషలో కాదు, పుంగనూరు మాటలోనే అడిగాడు.

ఉపన్యాస పోటీల్లో నాకు మూడు కప్పులున్నాయి. పెట్టెడు కరపత్రాలున్నాయి. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది: "నాకు పోబుద్ధి కాలేదు బా."

ఎవరూ నవ్వలేదు. దాసప్ప కూడా నవ్వలేదు. నాన్నే అన్నాడు. "నీ గవర్నమెంటును నువ్వే నమ్మకపోతే ఎట్లమ్మా?"

అప్పుడు నవ్వారు.

నాన్న 'సరే' అనలేదు. ప్లేటు మాత్రం ఖాళీ అయింది. కోపంలో తినేశాడు.

సెప్టెంబర్ 24, కుప్పం

నాన్న ఒక్కడే పోతున్నాడు. ఇంట్లో రెండు రోజుల యుద్ధం తర్వాత కుదిరిన ఒప్పందం ఇది. ఆయన పోయి అవ్వను చూసి, దేశం ఎట్లుందో చూసి ఫోన్ చేస్తాడు. బాగుంది రమ్మంటే మేం మారు మాట్లాడకుండా పోవాలి. "అప్పుడు నీకు పోబుద్ధి అయినా కాకున్నా నేను ఇననమ్మా" అన్నాడు. ఒప్పుకున్నాను. మాట మీద నిలబడతాను. ఆ మాట మీద నిలబడకుండా ఉండే దారి ఏదైనా కరపత్రాల్లో ఉందేమో పోయి వెతకాలి.

రైలు కుప్పం నుంచి. డంబర్ మామ బండి స్టేషన్ దగ్గరే. ఒక కస్టమర్‌తో తమిళంలో, ఇంకొకరితో కన్నడంలో, భార్యతో మా భాషలో, నాతో తెలుగులో, నలుగురినీ ఒకేసారి తిడుతున్నాడు. "ఏమ్మే, నువ్వు పెట్టిన గవర్నమెంటును సూసేదానికి మీ నాయన పోతాండాడంట? నాకో రోడ్డు పక్క జాగా ఇప్పియ్యమని సెప్పు!" వార్త కుప్పం దాకా వచ్చేసింది.

రైలు కదిలాక నాన్న కిటికీలోంచి ఏదో అరిచాడు. దేశం గురించి అనుకుని పరిగెత్తాను. "కడాయి నీళ్ళల్లో నానబెట్టొద్దు, తుప్పు పడతాది!"

సెప్టెంబర్ 27

నేనూ అమ్మా బండి నడుపుతున్నాం. రెండు పొంగులకు దించి, చన్నీళ్ళు పోసి, పెద్ద మంట మీద చేస్తున్నాం. పళ్ళున్నవాళ్ళు మా దగ్గరికి వస్తారు. పళ్ళు లేనివాళ్ళు పక్క బండికి పోతారు. దాసప్ప బోండాల మూకుడులోనే ముద్ద నూడుల్స్ చేసి అమ్ముతున్నాడు. "నాకు బోర్డు లేదు, అదొక్కటే తక్కువ" అంటున్నాడు, మా బోర్డు వైపు చూస్తూ.

ఢిల్లీలో దిగానని ఫోన్ వచ్చింది. తర్వాత లేదు.

సెప్టెంబర్ 29

ఫోన్ రాలేదు. వస్తే బాగుండు.

రాకపోతే బాగుండు.

సెప్టెంబర్ 30

అశ్విని నా కోసం స్వెట్టర్ తెచ్చింది. ఒకవేళ పోతే పనికొస్తుందని. దాన్ని తిట్టి పంపేశాను. స్వెట్టర్ ఉంచుకున్నాను.

అక్టోబర్ 2, గురువారం, దసరా

ఫోన్ వచ్చింది. వీడియో. అమ్మ చెయ్యి తుడుచుకుని నా పక్కన నిలబడింది. నేను స్టవ్ ఆపేశాను. దాసప్ప తన స్టవ్ కూడా ఆపేశాడు, వినడానికి.

ముందు కనబడింది చెవి, సగం ముక్కుపుడక. ఈరోజు మావాళ్ళు పెద్దల చేత నుదుట టీకా పెట్టించుకుంటారు, పెరుగులో కలిపిన ఎర్ర బియ్యం. నేను దూరంగా ఉన్నానని అవ్వ ఆ బియ్యాన్ని తెచ్చి ఫోన్ మీదే అద్దింది. తెరంతా ఎర్రబడిపోయింది. ఆ తర్వాత నాన్న కనబడలేదు, గొంతు మాత్రమే.

"బా, ఎట్లుంది దేశం?" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినబడింది.

"బాగుండాది. పిల్లోల్లు రోడ్లు ఊడుస్తాండారు. మంచి పిల్లోల్లు. నీ మాదిరే అరుస్తాండారు."

బాగుందంట. అయిపోయింది. స్వెట్టర్ ఎక్కడ పెట్టానా అని ఆలోచించాను.

"మీ అవ్వ నా చేతి నూడుల్స్ అడిగిందమ్మా" అన్నాడు. "ఆయమ్మకు పండ్లు లేవు గదా. రెండు పొంగులకు దించినవి నమల్లేకపోయింది. ఏం జేయల్ల?" గొంతు తగ్గించాడు. "అన్నం మాదిరి ఉడకనిచ్చినా."

నేను ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాను, దాసప్పకు వినబడకుండా.

"కారం?"

"ఎర్రగడ్డ కారం గూడా నూరినా. రెండుసార్లు పెట్టించుకునింది. కొండమీదోల్లంతా వచ్చి తిన్యారు. ఇదేం వంట, యాడిది అని అడిగినారు. మా పుంగనూరుది అని సెప్పినా."

అమ్మ నా భుజం పట్టుకుంది. 'మా పుంగనూరు' అన్న మాట ఆయనకూ అప్పుడే వినబడినట్టుంది.

"దీపావళికి ముందే వచ్చేస్తా" అన్నాడు. "కడాయికి నూనె పూసి పెట్టు."

"పూస్తా బా."

"ఇంకొకటమ్మా. మార్చిలో ఎన్నికలు పెడతారంట." అవతల ఎవరో నవ్వుతున్నారు, అవ్వేమో. "ఈసారన్నా నిజంగా ఓటెయ్యి."

ఫోన్ పెట్టేశాడు.

అమ్మ వైపు చూశాను. అమ్మ క్యాబేజీ వైపు చూసింది.

దాసప్ప స్టవ్ వెలిగిస్తూ, ఏమీ పట్టనట్టు అడిగాడు. "ఏమన్యాడు మీ నాయన? నా ప్లేటు గురించి ఏమన్నా అన్యాడా? 'సరే' అన్యాడా?"

"కడాయికి నూనె పూయమన్నాడన్నా" అన్నాను.

మిగతాది రెండు దేశాల మధ్య విషయం.